బాదం కొమ్మ, పండ్ల గంప

వారపత్రిక చేతికి రాగానే మీరు ముందుగా తిప్పే పేజీ ఏది? సీరియల్ అంటారు కొందరు. వంటలు అంటారు మరికొందరు. నిజం చెప్పండి, ఎవరూ చూడకుండా ఓసారి వారఫలాల మీద కన్నువేసి, ఆ తర్వాతే గదా మిగతావన్నీ! మావారికి జ్యోతిషం మీద బొత్తిగా నమ్మకం లేదు. అయినా తన రాశికి ‘ధనవ్యయం’ అని ఉన్న వారం మాత్రం నాతో బజారుకు రారు.

రేపేం జరుగుతుందో ఇవాళే తెలుసుకోవాలన్న తహతహ మనిషికి పుట్టుకతో వచ్చింది. అందుకే మనకు సోది చెప్పే ఎరుకలసానులున్నారు, చిలక జోస్యాలున్నాయి, వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం ఉంది, లష్కర్ బోనాల మర్నాడు మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి ‘రంగం’ చెప్పే జోగిని ఉంది. ఈ వరసలోనే బైబిలు ప్రవక్తల్ని కూడా తెచ్చి కూర్చోబెట్టేశాం. యెషయా, యిర్మీయా, ఆమోసు అంటే ఏవో పెద్ద గడ్డాల జోస్యులు, లోకం ఎప్పుడు అంతమవుతుందో లెక్కలు కట్టి పెట్టిపోయినవాళ్లు అనుకుంటాం. క్రైస్తవులు కాని మనమే కాదు, చాలామంది క్రైస్తవులూ అలాగే అనుకుంటారు.

మా పటేల్‌గూడలో పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు ఎక్కువ. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి, మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది, ఓరోజు ఓ కరపత్రం తెచ్చి చూపించింది. దానియేలు గ్రంథంలోని అంకెల్ని కూడి, తీసి, హెచ్చవేసి, లోకాంతానికి ఏడాదితో సహా ముహూర్తం పెట్టేశారు అందులో. “అక్కా, పిల్లకు ఫీజు కట్టాల్నా, వద్దా? లోకమే ఉండదట గద!” అని అడిగింది. నవ్వులాట కాదు, ఆమె గొంతులో నిజమైన భయం ఉంది. ఫీజు కట్టించాను. కాని ఎందుకు కట్టమన్నానో, ఆ ప్రవక్తల మాటలతోనే చెప్పగలనా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. బి.ఏ.లో చరిత్ర, తెలుగు చదివినదాన్ని. నవలలు రాసుకునేదాన్ని. మాటల పుట్టుక వెతకడమంటే మొదటినుంచీ మోజు. హీబ్రూ నిఘంటువు ఒకటి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి ఆశ్చర్యం మన తెలుగు మాటలోనే ఎదురైంది. ‘ప్రవక్త’ అంటే ఏమిటి? ‘వచ్’ అంటే పలకడం. ప్రవక్త అంటే గట్టిగా, ఎదురుగా నిలబడి పలికేవాడు. భవిష్యత్తు అన్న అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు! భాగవతం మీద ప్రవచనం వినడానికి వెళ్తాం. ఆ పండితుడు మన జాతకం చెప్తాడనుకుంటామా? హీబ్రూలో ప్రవక్తను ‘నావీ’ అంటారు. పిలుపు అందుకున్నవాడు, పిలిచి చెప్పేవాడు అన్న అర్థంలోంచి పుట్టిన మాట అంటారు పండితులు. అంతకుముందు అతణ్ణి ‘చూసేవాడు’ అనేవాళ్లట. సమూయేలు మొదటి గ్రంథమే ఆ సంగతి చెప్తుంది. తప్పిపోయిన గాడిదలు ఎక్కడున్నాయో అడగడానికి వెళ్లేది అతని దగ్గరికే. గాడిదల్ని వెతికిపెట్టే మనిషి రాజును నిలదీసే మనిషిగా మారడమే ప్రవక్తల చరిత్ర అంతా.

‘నావీ’ అన్న మాట మనకు బొత్తిగా కొత్తదీ కాదండోయ్. మన పక్కింటి నబీసాబు పేరులో ఉన్నది అదే. హీబ్రూ, అరబ్బీ అక్కచెల్లెళ్లు. ఆ అరబ్బీ మాటలు ఉర్దూలోకి, ఉర్దూలోంచి నైజాం పాలనలో మన తెలంగాణ తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాయి. ఈ భాషల్లో మాటకు వేరు సాధారణంగా మూడు హల్లులు. అచ్చులు మారుస్తూ పోతే కొత్త మాటలు పుడుతూంటాయి. క-త-బ అన్న మూడు హల్లులు తీసుకోండి: కితాబు అంటే పుస్తకం, కాతిబ్ అంటే రాసేవాడు, మక్తబ్ అంటే బడి. హీబ్రూలో రాయడాన్ని ‘కాతవ్’ అంటారు. మన సలాము, వాళ్ల షాలోము ఒక వేరు బిడ్డలే. సంగారెడ్డి బజారులో బేరమాడుతున్నప్పుడు మన నోట దొర్లే మాటల్లో యెషయాకు చుట్టాలు ఎన్ని ఉన్నాయో మనకే తెలియదు!

పూర్వం హీబ్రూలో అచ్చులకు గుర్తులు రాసేవాళ్లు కాదు. ఆ చుక్కలు, గీతలు క్రీస్తు తర్వాత ఎన్నో శతాబ్దాలకు పండితులు చేర్చినవి. అందువల్ల ఒక మాట చూస్తే దాని అక్కచెల్లెళ్లందరూ కళ్లముందు కదులుతారు. ప్రవక్తలు ఆ వెసులుబాటును బాగా వాడుకున్నారు. వాళ్లది శ్లేష మీద నడిచే వాక్కు. శ్లేష అనువాదంలో బతకడం ఎంత కష్టమో మన ప్రబంధాలు చదివినవాళ్లకు వేరే చెప్పాలా?

పాపం, అనువదించినవాళ్లు తక్కువ కష్టపడలేదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మనీ ఆయన మద్రాసులో ఉంటూ 1720, 30లలోనే తెలుగులోకి బైబిలు దించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, దెగ్రాంజి అనే ఇద్దరు మిషనరీలు ఆనందరాయరు అనే బ్రాహ్మణుడి సాయంతో మళ్లీ మొదలుపెట్టారు. ఇద్దరూ అయిదేళ్లు తిరగకుండానే పోయారు. కొత్త నిబంధన 1818లో అచ్చయింది. బైబిలు మొత్తం తెలుగులో వెలువడేసరికి 1854 వచ్చింది. ఇక మా పాత మెదక్ జిల్లాకు సంబంధించి చెప్పుకోవలసిన పేరు విక్టర్ ప్రేమసాగర్ గారిది. పాత నిబంధన పండితుడు, ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీ ప్రిన్సిపాలు. 1983లో మెదక్ బిషప్పు అయ్యారు. హీబ్రూ అంటే ఎక్కడో యెరూషలేములో చదివేది కాదు, హైదరాబాదు కాలేజీలో మన తెలుగు పిల్లలు చదువుకునేదే అని చెప్పడానికి ఈ మాట.

సరే, అసలు సంగతికి వద్దాం.

క్రీస్తుకు పూర్వం 760, 750 ప్రాంతం. ఇశ్రాయేలు ఉత్తర రాజ్యం మంచి భోగంలో ఉంది. ఏనుగు దంతాలు తాపిన మేడలు, మెత్తటి పరుపులు, పాటలు, విందులు. దక్షిణాన తెకోవ అనే పల్లె నుంచి ఆమోసు అక్కడికి వచ్చాడు. పశువులు కాసుకుంటూ, మేడి చెట్ల పని చూసుకునేవాడు. అది మన మేడికి దగ్గరి చుట్టమే. నేను ప్రవక్తనూ కాను, ప్రవక్త కొడుకునూ కాను అని తానే చెప్పుకున్నాడు. ఆయనకొక దర్శనం అయింది. ఏమిటయ్యా కనిపించిందీ అంటే, ఒక పండ్ల గంప! వేసవి పండ్ల గంప. అది చూడగానే దేవుడన్నాడట, నా జనానికి అంతం వచ్చేసింది అని.

తెలుగులో చదివితే తలా తోకా లేదు గదా? పండ్ల గంపకూ అంతానికీ ఏమిటి సంబంధం? హీబ్రూలో వేసవి పండును ‘కయిత్స్’ అంటారు. అంతం ‘కేత్స్’. ఉత్తరాదివాళ్ల ఉచ్చారణలో రెండూ ఇంచుమించు ఒకటేనంటారు భాషావేత్తలు. 1908లో గెజెరు అనే చోట తవ్వకాల్లో ఒక చిన్న సున్నపురాతి పలక దొరికింది. దానిమీద రైతు చేసే పనులు నెలల వారీగా చెక్కి ఉన్నాయి. చివరి నెల వేసవి పండ్లది. ఆ మాట అక్కడ రెండే రెండు హల్లులతో ఉంది, అంతం అన్న మాటలాగే! అంటే బజారులో ‘కేత్స్, కేత్స్’ అని పండ్లమ్మే కేక వింటే, ఆమోసు చెవికి ‘అంతం, అంతం’ అని వినిపించిందన్నమాట.

దీన్ని తెలుగులో చెప్పడం ఎలాగా అని ఆలోచిస్తూంటే నాకు మన అమ్మమ్మల మాట గుర్తొచ్చింది. “వాడి పాపం పండింది!” మనకూ పండుకూ అంతానికీ లంకె ఉందండీ. పండు ముగ్గింది, పాపమూ ముగ్గింది. ఇక తొడిమ ఊడి రాలడమే తరువాయి. ఆమోసు గంపను మన ఊరి ముసలమ్మకు చూపించి ‘పాపం పండింది’ అంటే, వ్యాఖ్యానం అక్కర్లేకుండా ఇట్టే అర్థం చేసుకుంటుంది.

ఇంతకీ ఆ పాపం ఏమిటి? గంప దర్శనం అయిన మరుక్షణం ఆమోసు తిట్టిపోసింది ఎవరిననుకున్నారు? కొలపాత్ర చిన్నది, తూకం రాయి పెద్దది చేసి, దొంగ తక్కెడ పట్టే వర్తకుల్ని. గోధుమల్లో తవుడూ చెత్తా కలిపి అమ్మేవాళ్లని. పండగ ఎప్పుడు అయిపోతుందా, దుకాణం ఎప్పుడు తెరుద్దామా అని గుడిలో కూర్చుని లెక్కలేసుకునేవాళ్లని. చెప్పుల జత ఖరీదుకు బీదవాణ్ణి కొనుక్కునేవాళ్లని. చూశారా! జోస్యం అనుకున్నది తీరా చూస్తే మన బియ్యం కొట్టు దగ్గర కాటా సంగతి. ముప్ఫై, నలభై ఏళ్లు తిరగకుండా, క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సైన్యం ఆ రాజ్యాన్ని తుడిచిపెట్టేసింది.

యెషయా కూడా ఇలాంటి తమాషాయే చేశాడు. దేవుడు తన ద్రాక్షతోటలో ‘మిష్పాత్’ కోసం చూస్తే ‘మిస్పాఖ్’ కనబడిందట. ‘త్సెదాకా’ కోసం చూస్తే ‘త్సెఆకా’ వినబడిందట. న్యాయం ఆశిస్తే నెత్తురు, నీతి ఆశిస్తే ఆక్రందన. నేనైతే ఇలా అంటాను: న్యాయం కోసం చూస్తే గాయం, నీతి కోసం చూస్తే భీతి. మూలమంత బిగి రాలేదు గాని, ఆ దెబ్బ ఎలాంటిదో కాస్త తెలుస్తుంది. ఒక్క అక్షరం తేడాతో న్యాయం గాయమైపోతుంది! కోర్టుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లెవరైనా ఔనంటారు.

యిర్మీయాది మరో ముచ్చట. క్రీ.పూ. 627 ప్రాంతంలో, కుర్రవాడిగా ఉండగానే పిలుపు వచ్చింది. ఏం కనిపిస్తోంది అంటే, బాదం కొమ్మ అన్నాడు. మన వీధుల్లో పెద్ద పెద్ద ఆకులు రాల్చే చెట్టు కాదు. మనం పాయసంలో వేసుకునే బాదం. హీబ్రూలో దాని పేరు ‘షాకేద్’. మెలకువగా కాచుకుని ఉండేవాడు ‘షోకేద్’. ఆ దేశంలో చలి ఇంకా వదలకముందే, మిగతా చెట్లన్నీ నిద్రపోతూండగానే, పూత పూసి మేలుకునేది బాదమే. అందుకని దానికి మేలుకునే చెట్టు అని పేరు పెట్టుకున్నారు. నా మాట నెరవేర్చడానికి నేను మేలుకునే ఉన్నాను అంటాడు దేవుడు. తెలుగులో బాదం బాదమే, మెలకువ మెలకువే. రెండింటికీ మధ్య వంతెన కూలిపోయింది. ఈ సంగతి తెలిశాక మాత్రం ఆ కొమ్మ మీద పూలు నా కంటికి కనబడ్డాయి.

ఇక మా ఊరికి మరీ దగ్గరి మాట ఒకటుంది. పటేల్‌గూడ ఉన్నది అమీన్‌పూర్ మండలంలో. ‘అమీన్’ అంటే నమ్మదగినవాడు. అ-మ-న అన్నవి దాని మూడు హల్లులు. నైజాం కాలంలో పోలీసు అధికారిని అమీన్ సాబు అనేవారు. కోర్టు నుంచి జప్తుకు వచ్చే ఉద్యోగిని ఇప్పటికీ అమీనా అంటాం. ఆయన గుమ్మంలోకి వస్తే నమ్మకం కలగడం మాట అటుంచి గుండె జారిపోతుంది, అది వేరే సంగతి! చర్చిలో ప్రార్థన చివర ‘ఆమేన్’ అంటారే, మసీదులో ‘ఆమీన్’ అంటారే, వాటి వేరూ ఇదే. స్థిరం, గట్టిది, ఆనుకుంటే కూలనిది అని అర్థం. అందులోంచే ‘ఎమూనా’, నమ్మకం. అందులోంచే ‘ఓమెనెత్’, బిడ్డను సాకే దాది. రూతు కన్న బిడ్డను ఒళ్లోకి తీసుకున్న నయోమిని బైబిలు ఆ మాటతోనే పిలుస్తుంది. నమ్మకం అంటే సిద్ధాంతం కాదు, చంకలో బిడ్డను జారిపోకుండా పట్టుకున్న చెయ్యి అన్నమాట. మగ పండితులు ఎన్ని సంపుటాలు రాసినా ఇంత సుళువుగా చెప్పగలరా?

యెషయా ఈ మాటను రాజు ముఖం మీద ప్రయోగించాడు. క్రీ.పూ. 734 ప్రాంతం. సిరియా రాజు, ఉత్తర ఇశ్రాయేలు రాజు ఏకమై యెరూషలేము మీదికి వస్తున్నారు. యూదా రాజు ఆహాజు గడగడలాడుతున్నాడు. చాకిరేవు దారిలో నీటి కాలవ దగ్గర యెషయా అతణ్ణి కలుసుకుని, ఒకే ధాతువును రెండుసార్లు తిప్పి ఓ మాట చెప్పాడు: మీరు నమ్మి నిలవకపోతే, నిలవనే నిలవరు. మా తెలంగాణ మాటల్లో అయితే, నమ్మనివాడికి నిమ్మళం లేదు. ఆ సంభాషణలోనే, ఓ యువతి గర్భవతియై కొడుకును కంటుంది, ఇమ్మానుయేలు అని పేరు పెడుతుంది అన్న ప్రసిద్ధమైన ప్రవచనం కూడా వచ్చింది. ‘ఇమ్మాను’ మనతో, ‘ఏల్’ దేవుడు.

ఇక్కడి మాట మీద రెండువేల ఏళ్లుగా వాదాలు. హీబ్రూలో ఉన్నది ‘అల్మా’, యౌవనంలో ఉన్న ఆడపిల్ల. కన్యాత్వాన్ని ప్రత్యేకంగా చెప్పే మాట ‘బెతూలా’ వేరే ఉంది. క్రీస్తుకు ముందే గ్రీకులోకి అనువదించిన యూదులు ‘పార్థెనోస్’, కన్యక, అన్నారు. మత్తయి సువార్త దాన్నే అందుకుంది. ఆ బిడ్డ ఆహాజు కాలంనాటి గుర్తు అంటారు యూదులు. అది మరియ కొడుకులో నెరవేరింది అంటారు క్రైస్తవులు. ఎవరి విశ్వాసం వారిది. నాకు ముచ్చటేసింది మన తెలుగు అనువాదకులు వేసిన ‘కన్య’ అన్న మాట. కన్యాదానంలో, కన్యాశుల్కంలో ఉన్న కన్య ఎవరు? పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల, అంతే గదా! హీబ్రూ అర్థాన్నీ గ్రీకు అర్థాన్నీ రెంటినీ ఒళ్లో కూర్చోబెట్టుకునే మాట మనకు దొరికింది.

ఆడవాళ్లు తప్పకుండా తెలుసుకోవలసిన ధాతువు మరొకటి, ర-హ-మ. ‘రెహెం’ అంటే గర్భాశయం. ‘రహమీం’ అంటే కరుణ. మనకు తెలిసిన రహీం, ‘రహం చెయ్యండి’ అన్నప్పటి రహం, అన్నీ అక్కడివే. హోషేయ ప్రవక్త తన కూతురికి ‘లో రుహామా’, జాలి దొరకనిది, అని పేరు పెట్టాడు. జనం మీద దేవుడి కోపానికి గుర్తుగా! పసిపిల్ల మెడకు అంత పేరు తగిలించినందుకు తల్లి ఏమందో ఎవరూ రాయలేదు. కాని తర్వాత ఆ ‘లో’ రాలిపోయి ‘రుహామా’ మిగిలింది. యిర్మీయా పుస్తకంలోనయితే దేవుడు తప్పిపోయిన ఎఫ్రాయీమును తలుచుకుని, నా పేగులు కదులుతున్నాయి అంటాడు. కడుపు తరుక్కుపోవడం, పేగుబంధం, కడుపుతీపి: మన మాటల్లోనూ ప్రేమ ఉండేది గుండెలో కాదు, కడుపులోనే! ధాతువు వేరు, భాషాకుటుంబం వేరు; తల్లి మాత్రం ఒకటే.

భాషాకుటుంబం వేరు అన్నాను గదా, అక్కడ కాస్త జాగ్రత్త అవసరం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ సమాజం నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు తాము ‘బెనె ఎఫ్రాయీం’, అంటే చెదిరిపోయిన ఆ ఎఫ్రాయీము సంతతి, అని చెప్పుకుంటాయి. శనివారం విశ్రాంతి పాటిస్తాయి, హీబ్రూ నేర్చుకుంటాయి. చెదిరినవాళ్లు మళ్లీ చేరుకుంటారన్న ప్రవచనం వాళ్లకు సొంత ఇంటి చిరునామా. 2013లో యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ల మీద ఒక పుస్తకమే తెచ్చారు. వాళ్ల విశ్వాసాన్ని తూచే తక్కెడ నా దగ్గర లేదు. ఊరి చివరికి నెట్టబడినవాళ్లు, మాకూ ఒక పురాతన చరిత్ర ఉంది అని నిలబడడంలో ఉన్న ఆత్మగౌరవం నాకు అర్థమవుతుంది. కాని తెలుగు మాటా హీబ్రూ మాటా ఒకలా వినబడినంత మాత్రాన చుట్టరికం కలిపెయ్యలేం. హీబ్రూలో ‘అవ్’ అంటే నాన్న, మా తెలంగాణలో అవ్వ అంటే అమ్మ! నిజంగా ప్రయాణం చేసిన మాటలు వేరే ఉన్నాయి. సొలొమోను ఓడల్లో వచ్చిన నెమలిని బైబిలు ‘తుక్కీ’ అంటుంది; అది తమిళ ‘తోకై’ నుంచి వెళ్లిందని చాలామంది పండితుల మాట. మన ‘తోక’ దానికి చెల్లెలే.

చివరగా యోనా కథ. ఎదురుతిరిగి పారిపోయి, చేప కడుపులో మూడు రోజులుండి, చివరికి నీనెవె పట్టణం చేరాడు. ఆయన అక్కడ చెప్పిన జోస్యం హీబ్రూలో అయిదే అయిదు మాటలు. ఇంక నలభై రోజులు, నీనెవె తలకిందులవుతుంది. ‘నెహ్‌పాఖెత్’ అన్నది ఆ చివరి మాట. దాని ధాతువుకు రెండర్థాలు: కూలిపోవడం, పూర్తిగా మారిపోవడం. జనం భయపడ్డారు, రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, గొడ్లకు కూడా గోనెపట్ట కట్టారు. చెడు మానేశారు. నలభై రోజులు గడిచాయి, ఊరు కూలలేదు. యోనా మూతి ముడుచుకుని ఊరి బయట పందిరి కింద కూర్చున్నాడు, తన జోస్యం తప్పిందని!

తప్పిందా? నీనెవె తలకిందులు కానే అయింది. గోడలు కాదు, మనుషులు. ఆ మాటలో రెండో అర్థం యోనాకు అక్కర్లేకపోయింది, అంతే. వారఫలం తప్పితే అది చెప్పినవాడు ఓడినట్టు. ప్రవక్త హెచ్చరిక ‘తప్పితే’ అతను గెలిచినట్టు. పరీక్షలో తప్పుతావురా అని తల్లి కొడుకును తిట్టేది వాడు తప్పాలనా చెప్పండి?

అంచేత లోకాంతానికి తారీఖు చెప్పేవాళ్లు ఎదురైతే, ఏడాది సంగతి తర్వాత, ముందు మీ కాటా సరిగా ఉందా అని అడగండి. ఆమోసు అడిగేది అదే.